డీబగ్ బిల్డ్, రిలీజ్ బిల్డ్: సాఫ్ట్‌వేర్ లైబ్రరీల విషయంలో ఎంపిక

ఒకే సోర్స్ కోడ్ నుంచి, కంపైలర్‌కు ఇచ్చే ఆదేశాలను బట్టి, వేర్వేరు రకాల బైనరీలు తయారవుతాయి. ఒక బైనరీ తయారీకి వాడే ఆదేశాల సముదాయాన్ని బిల్డ్ కాన్ఫిగరేషన్ అంటారు. వీటిలో బాగా వాడుకలో ఉన్నవి రెండు. తప్పులు వెతకడానికి అనువైనది డీబగ్ బిల్డ్, వినియోగదారుల చేతికి వెళ్లేది రిలీజ్ బిల్డ్. సొంతంగా నడిచే అప్లికేషన్‌కు ఈ ఎంపిక తేలిక: రాసేటప్పుడు డీబగ్, విడుదలకు రిలీజ్. ఇతరుల ప్రోగ్రాముల్లో భాగమయ్యే లైబ్రరీకి అంత తేలిక కాదు. లైబ్రరీని ఒకరు కంపైల్ చేస్తారు, దాన్ని కలుపుకునే ప్రోగ్రామును మరొకరు కంపైల్ చేస్తారు. ఇద్దరి ఎంపికలూ పొసగకపోతే పని లింకింగ్ దగ్గరే ఆగిపోవచ్చు. లింకింగ్ సజావుగా జరిగిపోయి, ప్రోగ్రాము నడుస్తూ నడుస్తూ క్రాష్ కావడం అంతకన్నా ప్రమాదం.

రెండు పేర్లు, నాలుగు నిర్ణయాలు

డీబగ్, రిలీజ్ అనేవి కంపైలర్‌కు తెలిసిన మాటలు కావు. విజువల్ స్టూడియో, సీమేక్, ఎక్స్‌కోడ్ వంటి ఉపకరణాలు కొన్ని ఐచ్ఛికాలను మూటగట్టి వాటికి పెట్టిన పేర్లివి. మూట విప్పితే విడివిడిగా తీసుకోదగిన నాలుగు నిర్ణయాలు బయటపడతాయి. మొదటిది ఆప్టిమైజేషన్, అంటే మెషీన్ కోడ్‌ను వేగం కోసం ఎంతవరకు తిరగరాయాలన్నది. రెండోది డీబగ్ సమాచారం, అంటే ఏ మెషీన్ ఆదేశం ఏ ఫైలులోని ఏ వరుస నుంచి వచ్చిందో చెప్పే పట్టిక. మూడోది కోడ్ నడుస్తుండగా తనను తాను పరీక్షించుకునే తనిఖీలు. నాలుగోది ఏ రకం రన్‌టైమ్ లైబ్రరీతో కలపాలన్నది.

సీమేక్ ఈ నిర్ణయాలను నాలుగు కాన్ఫిగరేషన్లుగా పేర్చింది. జీసీసీ, క్లాంగ్‌లతో వాడినప్పుడు వాటి అర్థాలివి:

డీబగ్: డీబగ్ సమాచారం ఉంటుంది, ఆప్టిమైజేషన్ ఉండదు, అసర్ట్‌లు అనే తనిఖీలు పనిచేస్తాయి.

రిలీజ్: ఓ3 స్థాయి ఆప్టిమైజేషన్ ఉంటుంది, అసర్ట్‌లు మాయమవుతాయి.

రెల్‌విత్‌డెబ్‌ఇన్ఫో: ఓ2 స్థాయి ఆప్టిమైజేషన్, దానితో పాటు డీబగ్ సమాచారం ఉంటాయి, అసర్ట్‌లు ఉండవు.

మిన్‌సైజ్‌రెల్: బైనరీ పరిమాణం తగ్గేలా ఆప్టిమైజ్ చేస్తుంది, అసర్ట్‌లు ఉండవు.

మేక్‌ఫైల్, నింజా పద్ధతుల్లో ఏ కాన్ఫిగరేషనూ చెప్పకపోతే, ప్రాజెక్టు తనంతట తాను ఏదీ నిర్ణయించుకోనప్పుడు, సీమేక్ ఈ నాలుగింటిలో దేన్నీ ఎంచుకోదు. అప్పుడు ఆప్టిమైజేషనూ ఉండదు, డీబగ్ సమాచారమూ ఉండదు. సోర్స్ నుంచి కట్టుకున్న లైబ్రరీ మరీ నెమ్మదిగా నడుస్తోందని ఫిర్యాదు వచ్చినప్పుడు ముందు చూడాల్సిన చోటు ఇదే.

యూనిక్స్ సంప్రదాయం ఈ రెండు పేర్ల చుట్టూ పెరగలేదు. గ్నూ ఆటోకాన్ఫ్ జీసీసీకి మామూలుగా డీబగ్ సమాచారాన్నీ, ఓ2 ఆప్టిమైజేషన్‌నూ కలిపే ఇస్తుంది. ఒకటి కావాలంటే మరొకటి వదులుకోవాలన్న నియమం జీసీసీలో లేదు.

ఆప్టిమైజేషన్

ఆప్టిమైజేషన్ లేని కోడ్‌లో ప్రతి వేరియబుల్‌కూ మెమరీలో ఒక చోటు ఉంటుంది. సోర్స్‌లోని వరుసలు ఏ క్రమంలో ఉన్నాయో ఆ క్రమంలోనే నడుస్తాయి. డీబగ్గర్‌తో ఒక్కో వరుసా దాటుకుంటూ పోవచ్చు, ఎక్కడైనా ఆగి విలువ మార్చి చూడవచ్చు. ఓ2 స్థాయిలో చిన్న ఫంక్షన్లు పిలిచిన చోటే కలిసిపోతాయి, వేరియబుళ్లు రిజిస్టర్లలోకి చేరతాయి, వరుసలు ముందువెనుకలవుతాయి. విలువ అడిగితే అది ఆప్టిమైజేషన్‌లో పోయిందని డీబగ్గర్ చెబుతుంది. ఈ రెంటికీ మధ్యేమార్గంగా, డీబగ్గర్‌కు అడ్డురాని మేరకే ఆప్టిమైజ్ చేసే ఓజీ స్థాయి 2013లో జీసీసీ 4.8తో వచ్చింది.

డీబగ్‌లో సరిగ్గా నడిచి రిలీజ్‌లో చెడిన ప్రోగ్రామును చూసి కంపైలర్‌ను తప్పుపట్టడం పరిపాటి. చాలాసార్లు తప్పు కోడ్‌లోనే ఉంటుంది, ఆప్టిమైజేషన్ దాన్ని బయటపెడుతుంది. 2009లో లినక్స్ కెర్నెల్‌లోని టన్ డ్రైవర్‌లో ఇలాంటిదే జరిగింది. ఒక ఫంక్షన్ ముందుగా ఒక పాయింటర్ ద్వారా విలువ చదివి, ఆ తర్వాత ఆ పాయింటర్ శూన్యమా కాదా అని పరీక్షించింది. సీ భాష నియమాల ప్రకారం శూన్య పాయింటర్ ద్వారా చదవడానికి అర్థం లేదు. ఇప్పటికే చదివారు కనుక అది శూన్యం కానే కాదని జీసీసీ తీర్మానించి, తర్వాతి తనిఖీని అనవసరంగా ఎంచి తీసేసింది. సోర్స్‌లో కళ్లెదుటే కనిపిస్తున్న రక్షణ బైనరీలో లేకుండా పోయి, దాడికి దారి దొరికింది. ఆ తర్వాత కెర్నెల్‌ను ఇలాంటి తనిఖీలు తొలగించవద్దన్న ప్రత్యేక ఐచ్ఛికంతో కంపైల్ చేయడం మొదలుపెట్టారు.

దశాంశ లెక్కలకూ ఈ తేడా తగులుతుంది. పాత 32 బిట్ల ఇంటెల్ ప్రాసెసర్లలోని ఎక్స్87 విభాగం రిజిస్టర్లలో 80 బిట్ల కచ్చితత్వంతో లెక్కిస్తుంది, మెమరీలో రాసేటప్పుడు 64 బిట్లకు కుదిస్తుంది. ఏ విలువ రిజిస్టర్‌లో ఉంటుందో, ఏది మెమరీకి వెళుతుందో ఆప్టిమైజేషన్ నిర్ణయిస్తుంది కాబట్టి రెండు బిల్డ్‌ల ఫలితాలు చివరి అంకెల్లో వేరుగా వచ్చేవి. గణిత లైబ్రరీల పరీక్షల్లో జవాబు అచ్చంగా సరిపోవాలని పట్టుబట్టకుండా కొంత వ్యత్యాసాన్ని అనుమతించడానికి ఇదొక కారణం.

డీబగ్ సమాచారం

డీబగ్ సమాచారం వల్ల ప్రోగ్రాము నెమ్మదిస్తుందన్నది అపోహ. అది ఫైలు పరిమాణాన్ని పెంచుతుంది, కొన్నిసార్లు కోడ్ కంటే ఎన్నో రెట్లు ఉంటుంది. కానీ ప్రోగ్రాము నడిచేటప్పుడు ఎవరూ దాని జోలికి పోరు. విండోస్‌లో ఇది పీడీబీ అనే విడి ఫైలులో ఉంటుంది. లినక్స్‌లో డ్వార్ఫ్ అనే ఆకృతిలో బైనరీలోనే ఉంటుంది, కావాలంటే విడదీయవచ్చు. యాపిల్ వేదికల్లో డీసిమ్ అనే కట్టగా విడిగా ఉంటుంది.

అందుకే లైబ్రరీ పంపిణీలో స్థిరపడిన పద్ధతి ఇది: ఆప్టిమైజ్ చేసిన బైనరీ అందరికీ, దాని డీబగ్ సమాచారం అడిగినవారికి. ఫెడోరాలో డీబగ్‌ఇన్ఫో పేరుతో, డెబియన్‌లో డీబీజీసిమ్ పేరుతో విడి ప్యాకేజీలు దొరుకుతాయి. 2019లో ఎల్ఫ్‌యుటిల్స్ 0.178తో వచ్చిన డీబగ్‌ఇన్ఫోడి సర్వర్ ఈ పనిని ఇంకా సులువు చేసింది. బైనరీలోని బిల్డ్ ఐడీ అనే గుర్తింపును చూసి డీబగ్గరే నెట్ నుంచి తగిన సమాచారం తెచ్చుకుంటుంది. మైక్రోసాఫ్ట్ కూడా తన విండోస్ లైబ్రరీల డీబగ్ సమాచారాన్ని, అంటే సింబల్స్‌ను, పబ్లిక్ సర్వర్‌లో ఉంచుతోంది. బిల్డ్ ఐడీ సరిపోవాలి కనుక, క్రాష్ వచ్చాక అదే సోర్స్‌ను మళ్లీ కంపైల్ చేసి సింబల్స్ తయారు చేసుకోవచ్చులే అనుకుంటే కుదరకపోవచ్చు. విడుదల చేసిన రోజునే వాటిని దాచిపెట్టుకోవాలి.

తనిఖీలు

సీ భాష ప్రామాణిక లైబ్రరీలోని అసర్ట్, తనకిచ్చిన షరతు నిజం కాకపోతే ప్రోగ్రామును ఆపేస్తుంది. ఎన్‌డీబగ్ అనే మాక్రోను నిర్వచిస్తే అసర్ట్ పూర్తిగా మాయమవుతుంది, దాని కుండలీకరణాల్లోని కోడ్‌తో సహా. కొత్తవారు జారిపడేది ఇక్కడే. ఫైలు తెరిచే ఫంక్షన్ పిలుపునే అసర్ట్ లోపల రాసి, ఫలితం సున్నా కాకూడదని షరతు పెడితే డీబగ్‌లో ఫైలు తెరుచుకుంటుంది, రిలీజ్‌లో తెరిచే ప్రయత్నమే జరగదు. పిలుపు బయట ఉండాలి, దాని ఫలితం మాత్రమే అసర్ట్‌లోకి వెళ్లాలి.

తనిఖీల ఖర్చు కోడ్ స్వభావాన్ని బట్టి ఉంటుంది. కోడ్ నిండా వేల అసర్ట్‌లున్న ఎస్‌క్యూలైట్ డేటాబేస్ లైబ్రరీ, అవన్నీ పనిచేస్తుంటే సుమారు మూడు రెట్లు నెమ్మదిస్తుందని దాని రూపకర్తలే చెబుతారు. అందుకే వాటిని పరీక్షల్లో వాడి, విడుదలలో ఆపేస్తారు.

విజువల్ సీ++ డీబగ్ రన్‌టైమ్ మెమరీకి గుర్తులు వేస్తుంది. కొత్తగా కేటాయించి ఇంకా ఏమీ రాయని హీప్ మెమరీని హెక్సాడెసిమల్ సీడీ విలువతో, విడుదల చేసిన మెమరీని డీడీతో నింపుతుంది. ప్రతి కేటాయింపుకు రెండు పక్కలా ఎఫ్‌డీ విలువతో 4 బైట్ల గట్టు కడుతుంది. డీబగ్గర్‌లో ఒక పాయింటర్ విలువ సీడీసీడీసీడీసీడీ అని కనిపిస్తే, విలువ ఇవ్వకుండానే వాడారని అనుభవజ్ఞులు చూడగానే పోల్చుకుంటారు. రిలీజ్‌లో అదే చోట అంతకుముందు మిగిలిన ఏదో విలువ ఉంటుంది. అది సున్నా అయితే తప్పు నెలల తరబడి దాగి ఉండవచ్చు. పరిశీలించబోతే మాయమయ్యే ఇలాంటి తప్పులను హైసెన్‌బగ్‌లు అంటారు. జిమ్ గ్రే 1985లో కంప్యూటర్లు ఎందుకు ఆగిపోతాయో విశ్లేషించిన నివేదికలో ఈ పేరును వాడారు.

రస్ట్ భాష ఈ తేడాను నియమంగానే రాసుకుంది. దాని బిల్డ్ ఉపకరణం కార్గో ఇచ్చే డెవ్ ప్రొఫైల్‌లో 8 బిట్ల పూర్ణాంకం 255కు 1 కలిపితే ప్రోగ్రాము పానిక్ అయి ఆగుతుంది. రిలీజ్ ప్రొఫైల్‌లో మామూలుగా అదే కూడిక చప్పుడు చేయకుండా 0 ఇస్తుంది. స్విఫ్ట్‌లో అసర్ట్ ఆప్టిమైజ్ చేయని బిల్డ్‌కే పరిమితం, ప్రీకండిషన్ మామూలు రిలీజ్‌లోనూ పనిచేస్తుంది. లైబ్రరీ రచయిత తన సొంత లెక్కల మీది అనుమానాలకు మొదటిదాన్ని, పిలిచేవారు ఇచ్చే విలువల పరీక్షకు రెండోదాన్ని వాడుకోవచ్చు.

లైబ్రరీలకే ప్రత్యేకమైన చిక్కు

పై మూడు నిర్ణయాలూ చాలావరకు లైబ్రరీ గోడల లోపలే ఉంటాయి. నాలుగోది, అంటే రన్‌టైమ్ ఎంపిక, గోడ దాటుతుంది. 64 బిట్ల విజువల్ సీ++లో ప్రామాణిక వెక్టర్ రిలీజ్‌లో 24 బైట్లు, డీబగ్‌లో 32 బైట్లు. ఇటరేటర్లు సరిగ్గా వాడుతున్నారో లేదో కనిపెట్టే అదనపు పాయింటర్ వల్ల 8 బైట్లు పెరిగాయి. ఒక వెక్టర్, దాని వెనుక ఒక పూర్ణాంకం ఉన్న స్ట్రక్చర్‌ను తీసుకుందాం. రిలీజ్ లైబ్రరీ ఆ పూర్ణాంకాన్ని 24వ బైటు దగ్గర వెతుకుతుంది. డీబగ్ అప్లికేషన్ దాన్ని 32వ బైటు దగ్గర రాసి ఉంటుంది. రెండూ తమ లెక్కలో సరైనవే, కలిస్తే చెత్త విలువ వస్తుంది.

విజువల్ స్టూడియో 2010 నుంచి మైక్రోసాఫ్ట్ లింకర్ ఈ పొరపాటును పట్టుకుంటోంది. ఆబ్జెక్ట్ ఫైళ్లలో ఇటరేటర్ డీబగ్ స్థాయి నమోదై ఉంటుంది. ఒకదానిలో 0, మరొకదానిలో 2 ఉంటే ఎల్‌ఎన్‌కే2038 అనే లోపం చూపి ఆగుతుంది. స్టాటిక్ లైబ్రరీలకే ఈ రక్షణ. డీఎల్ఎల్ విడిగా లింక్ అయిపోయి ఉంటుంది కాబట్టి దాని లోపలి విషయం లింకర్‌కు తెలియదు. డీఎల్ఎల్ ఒక రన్‌టైమ్ హీప్‌లో కేటాయించిన మెమరీని అప్లికేషన్ మరో రన్‌టైమ్ హీప్‌లో విడుదల చేయబోతే ప్రోగ్రాము క్రాష్ అవుతుంది. మైక్రోసాఫ్ట్ డీబగ్ రన్‌టైమ్‌ను ఇతరులకు పంపిణీ చేయడానికి లైసెన్సు అనుమతించదు. కనుక డీబగ్ డీఎల్ఎల్‌ను విజువల్ స్టూడియో లేని వినియోగదారుడికి పంపితే అది అక్కడ మొదలే కాకపోవచ్చు.

గ్నూ సీ++ లైబ్రరీలో ఇదే సమస్యకు రెండు మాక్రోలున్నాయి. గ్లిబ్‌సీఎక్స్‌ఎక్స్ డీబగ్ అనేది కంటైనర్ల నిర్మాణాన్నే మారుస్తుంది, దానితో కంపైల్ చేసిన కోడ్‌ను మామూలు కోడ్‌తో కలపరాదు. గ్లిబ్‌సీఎక్స్‌ఎక్స్ అసర్షన్స్ హద్దులను పరీక్షిస్తుంది కానీ నిర్మాణాన్ని ముట్టుకోదు. పంపిణీ చేసే లైబ్రరీకి రెండోదే తగినది.

హెడర్ ఫైళ్లలో ఉండే కోడ్ ఇంకో రకం. అందులోని అసర్ట్ పనిచేస్తుందా లేదా అన్నది లైబ్రరీ రచయిత చేతిలో లేదు, దాన్ని ఇన్‌క్లూడ్ చేసుకున్న ప్రోగ్రాము నిర్ణయిస్తుంది. ఒకే ఇన్‌లైన్ ఫంక్షన్ ఒక ఫైలులో తనిఖీలతో, మరో ఫైలులో తనిఖీలు లేకుండా కంపైల్ కావచ్చు. లింకర్ సాధారణంగా వాటిలో ఒకదాన్నే ఉంచి రెండోదాన్ని పారేస్తుంది, మాట మాత్రం చెప్పదు. ఒక మాక్రోను బట్టి పబ్లిక్ స్ట్రక్చర్‌కు సభ్యుణ్ని చేర్చడం మరీ పెద్ద పొరపాటు.

పేర్లతో వేరు చేయడం

విండోస్‌లో రెండు రకాలనూ పక్కపక్కన ఉంచాల్సి రావడంతో పేరు చివర గుర్తు తగిలించే అలవాటు ఏర్పడింది. క్యూట్, ఓపెన్‌సీవీ డీబగ్ డీఎల్ఎల్‌ల పేర్లు డీ అక్షరంతో ముగుస్తాయి. బూస్ట్ ఇంకా వివరంగా రాస్తుంది: పేరులో డీ ఉంటే లైబ్రరీ కోడ్ డీబగ్‌ది, జీ ఉంటే రన్‌టైమ్ డీబగ్‌ది, ఎస్ ఉంటే రన్‌టైమ్ స్టాటిక్‌గా కలిసింది. కోడ్, రన్‌టైమ్ వేర్వేరు నిర్ణయాలని ఈ పద్ధతి గుర్తించింది.

విండోస్ పైథాన్‌లో డీబగ్ ఇంటర్‌ప్రెటర్ తన రకపు ఎక్స్‌టెన్షన్లనే లోడ్ చేస్తుంది, వాటి పేర్లకూ డీ గుర్తు ఉంటుంది. పైథాన్ హెడర్‌ను విజువల్ సీ++ డీబగ్‌లో ఇన్‌క్లూడ్ చేస్తే అది తనంతట తానే డీబగ్ లైబ్రరీని అడుగుతుంది. మామూలు ఇన్‌స్టలేషన్‌లో ఆ ఫైలు ఉండదు కాబట్టి లింకర్ అక్కడ ఆగుతుంది. యూనిక్స్‌లో మాత్రం పైథాన్ 3.8 నుంచి రెండు బిల్డ్‌ల ఏబీఐ, అంటే బైనరీల స్థాయిలో కలిసి పనిచేసే ఒప్పందం, ఒకటే అయింది.

ప్యాకేజీ ఉపకరణాల్లో

సీ++ ప్యాకేజీ ఉపకరణమైన వీసీపీకేజీ మామూలుగా ప్రతి లైబ్రరీనీ డీబగ్, రిలీజ్ రెండింటిలోనూ కట్టి డీబగ్‌ను వేరే ఫోల్డర్‌లో పెడుతుంది. ఒకటి చాలనుకునేవారు రిలీజ్ మాత్రమే అడగవచ్చు, దాదాపు సగం సమయం మిగులుతుంది. అలాంటిదే అయిన కోనన్‌లో బిల్డ్ రకం ప్యాకేజీ గుర్తింపులో భాగం, రెండూ కలగలిసిపోవు. ఆండ్రాయిడ్ గ్రేడిల్‌లో అప్లికేషన్ కొత్త బిల్డ్ రకాన్ని సృష్టించుకుంటే, అది లేని లైబ్రరీ నుంచి బదులుగా దేన్ని తీసుకోవాలో రాయాలి. డాట్‌నెట్ 8 నుంచి పబ్లిష్, ప్యాక్ ఆదేశాలు అడగకుండానే రిలీజ్‌ను వాడుతున్నాయి. బిల్డ్ ఆదేశం మాత్రం ఇప్పటికీ డీబగ్‌తోనే మొదలవుతుంది.

కార్గో ఉపయోగపడే మరో సౌకర్యం ఇచ్చింది. సొంత కోడ్‌ను డెవ్ ప్రొఫైల్‌లో ఉంచుతూనే, అది ఆధారపడే లైబ్రరీలన్నిటినీ ఆప్టిమైజ్ చేయమని చెప్పవచ్చు. ఆటలు, చిత్రాల ప్రాసెసింగ్ వంటి బరువైన పనుల్లో డీబగ్గింగ్ సాధ్యపడేది చాలాసార్లు ఇలాగే. గో భాషలో ఈ విభజనే లేదు. బిల్డ్ మామూలుగా ఆప్టిమైజ్ చేసిందే, డీబగ్ సమాచారంతో సహా వస్తుంది, అక్కర్లేనివారు తీసేయమని అడగాలి.

తనిఖీలు ఆపడం మీద చర్చ

విడుదలలో తనిఖీలు ఆపేయడం అందరూ ఒప్పుకున్న విషయం కాదు. టోనీ హోర్ 1960లలో ఎలియట్ సంస్థలో అల్గాల్ 60 కంపైలర్ తయారు చేసినప్పుడు అర్రే ఇండెక్స్‌ను ప్రతిసారీ పరీక్షించే కోడ్ పెట్టారు. ఏళ్ల తర్వాత, వేగం కోసం దీన్ని ఆపుకునే వీలు కల్పించమంటారా అని అడిగితే వినియోగదారులంతా వద్దన్నారని 1980 ట్యూరింగ్ పురస్కార ప్రసంగంలో ఆయన చెప్పారు. తర్వాతి దశాబ్దాల్లో సీ, సీ++ దానికి ఎదురు దారి పట్టాయి.

ఇప్పుడు గాలి మళ్లుతోంది. ఎల్ఎల్‌వీఎం వారి లిబ్‌సీ++లో హద్దుల తనిఖీలకు రిలీజ్‌లోనూ వాడదగిన స్థాయిలు వచ్చాయి. గూగుల్ తన సర్వర్ కోడ్‌లో వీటిని వాడితే సగటున 0.30 శాతం మాత్రమే భారం పడిందని 2024లో ప్రకటించింది. మెమరీ తప్పులను పట్టే అడ్రెస్ శానిటైజర్ వంటివి మాత్రం ప్రోగ్రామును దాదాపు రెండు రెట్లు నెమ్మదింపజేస్తాయి కాబట్టి పరీక్షల బిల్డ్‌లకే పరిమితమయ్యాయి.

ఎంపిక

లైబ్రరీని వాడుకునేవారికి నియమం చిన్నది. విండోస్‌లో సీ++ లైబ్రరీ అయితే తమ అప్లికేషన్ రన్‌టైమ్, లైబ్రరీ రన్‌టైమ్ ఒకటే కావాలి. లైబ్రరీ రిలీజ్‌లోనే దొరికితే అప్లికేషన్‌ను కూడా రిలీజ్ రన్‌టైమ్‌తోనే ఉంచి, తమ కోడ్‌కు మాత్రం ఆప్టిమైజేషన్ ఆపుకోవచ్చు. విజువల్ స్టూడియోలో ఇలాంటి మూడో కాన్ఫిగరేషన్ సృష్టించుకోవడానికి అడ్డేమీ లేదు. లినక్స్‌లో డీబగ్ అప్లికేషన్‌ను ఆప్టిమైజ్ చేసిన లైబ్రరీతో నిశ్చింతగా కలపవచ్చు, కంటైనర్ల నిర్మాణం మార్చే మాక్రోలు లేనంత వరకు.

లైబ్రరీ రచయితలు మరికొంత చూసుకోవాలి. పబ్లిక్ స్ట్రక్చర్లు, ఫంక్షన్ సంతకాలు ఏ కాన్ఫిగరేషన్‌లోనూ మారకూడదు. మెమరీని కేటాయించిన లైబ్రరీయే దాన్ని విడుదల చేసే ఫంక్షన్ కూడా ఇవ్వాలి. సీ భాష శైలి ఇంటర్‌ఫేస్ ఉన్న లైబ్రరీలు ఈ రెండూ పాటిస్తే విండోస్‌లోనూ ఒకే రిలీజ్ డీఎల్ఎల్‌తో సరిపెట్టుకోగలవు. పరీక్షలను డీబగ్‌లో నడిపి ఊరుకోకూడదు, పంపబోయే బైనరీ మీద కూడా అవే పరీక్షలు నడవాలి. ఏ రన్‌టైమ్‌తో, ఏ ఐచ్ఛికాలతో కట్టారో పత్రాల్లో రాయాలి.

సీ++ ఇంటర్‌ఫేస్ ఉన్న లైబ్రరీలను విండోస్‌లో రెండు బిల్డ్‌లుగానూ, లినక్స్‌లో ఆప్టిమైజ్ చేసిన ఒకే బిల్డ్‌గా డీబగ్ సమాచారాన్ని విడదీసి అందించడం నేడు స్థిరపడిన ఆచారం.